సెగ్గడ్డకి సెగ పెట్టొచ్చా?

ఒళ్లంతా ఎర్రగా పేలి మంటలెత్తిపోతున్న మనిషి దగ్గరికి నిప్పు తెచ్చి, కాస్త సెగ తగిలితే తగ్గిపోతుంది అంటే మన తిరుపతిలో ఎవరైనా ఏమంటారు? అదీ మే నెలలో, గంగమ్మ జాతర రోజుల్లో, చెప్పుల్లేకుండా రోడ్డు మీద పది అడుగులు వేయలేని ఎండలో. "ఒళ్లు వేడి చేసుంటుంది, ఒక గ్లాసు నన్నారి తాగి నీడన కూర్చో" అనే ఊరు మనది. అయినా ఆక్యుపంక్చర్ (సూదులు గుచ్చే చైనా వైద్యం) చేసేవాళ్ల నోట, యూట్యూబ్ వీడియోల్లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో "మాక్సా" అన్న పేరు వినిపిస్తూనే ఉంటుంది. ఎండుటాకుల నూగుని కాల్చి, ఆ సెగని చర్మానికి పట్టించడమే మాక్సా. దాంతోపాటు చైనా మూలికల పొట్లం ఒకటి, రోజూ కషాయం కాచుకుని తాగమని. ఎండాకాలం వచ్చే చర్మం సమస్యలన్నిటికీ ఈ జంట సరిపోతుందని చెప్పేస్తుంటారు.

సరిపోతుందా లేదా అన్నది ఒక్క మాటలో తేలేది కాదు, ఎందుకంటే చైనా వైద్యుల్లోనే దీని మీద ఇంచుమించు 1800 ఏళ్ల నాటి తగాదా ఉంది. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను. మనవాళ్లు నిప్పుని చూసి భయపడతారు, పొట్లాన్ని చూసి "ఆకులే కదా, ఏం చేస్తాయిలే" అంటారు. ఎర్రగా మండే దద్దుర్ల మీద నిప్పు పనికిరాదన్న మాట నిజమే. కానీ నిప్పు చేసే నష్టం కంటికి కనిపిస్తుంది, అబ్బా అనగానే ఆపేయొచ్చు. పొట్లం చేసే నష్టం కిడ్నీలోనో లివర్‌లోనో చడీచప్పుడు లేకుండా జరుగుతుంది, తెలిసేసరికి చేతులు కాలిపోయి ఉంటాయి.

ముందు నిప్పు సంగతి చూద్దాం. మాక్సాకి వాడే ఆకు మనకి తెలియనిదేమీ కాదు. వినాయక చవితి పూజలో ఇరవై ఒక్క పత్రిలో మొట్టమొదట "సుముఖాయ నమః" అంటూ వేసేది మాచిపత్రి. చవితి ముందురోజు సాయంత్రం గాంధీ రోడ్డు పక్కన గోనెపట్టాల మీద పోసి అమ్మే పత్రిలో, పైన ముదురాకుపచ్చగా, అడుగున బూడిదరంగు నూగుతో, చీలికలు చీలికలుగా ఉండి, నలిపితే ఘాటుగా వాసన కొట్టే ఆకు ఉంటుందే, అది. చైనావాళ్లు వాడేది దాని దగ్గరి చుట్టం, ఆర్టెమీసియా ఆర్గై అనే జాతి. మన పూలదండల్లో కట్టే దవనం కూడా ఆర్టెమీసియానే. ఇంకో చుట్టం ఆర్టెమీసియా ఆన్యువా నుంచి మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ని తీసినందుకు చైనా శాస్త్రవేత్త టు యూయూకి 2015లో నోబెల్ వచ్చింది. ఈ నోబెల్‌ని చూపించి చైనా మూలికలన్నిటినీ సైన్సు ఒప్పేసుకుందని వాదించేవాళ్లుంటారు. ఆవిడ చేసింది ఒక్క మొక్క నుంచి ఒక్క రసాయనాన్ని వేరుచేసి, కొలిచి, పరీక్షించి చూపించడం. పొట్లంలో కట్టిచ్చే పది రకాల వేర్లకి ఆ నోబెల్ వర్తించదు.

ఆకుల్ని కోసి, ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి, ఈనెలూ దుమ్మూ పోయాక మిగిలే మెత్తటి నూగుని ఏళ్ల తరబడి దాస్తారు. పాతదైతే సెగ మెత్తగా వస్తుందని నమ్మకం. ఏడేళ్ల రోగానికి మూడేళ్లు దాచిన మాక్సా కావాలన్న మాట చైనా ప్రాచీన తత్వవేత్త మెన్షియస్ కాలం నుంచీ ఉంది. హుబేయ్ రాష్ట్రంలోని చిచున్ ఆకుకి మంచి గిరాకీ. 16వ శతాబ్దంలో మూలికల మీద మహాగ్రంథం రాసిన లీ షిజెన్ సొంతూరు కూడా అదే.

ఆ నూగుని పల్చటి కాగితంలో బిగించి చుడితే పొగాకు చుట్టలాంటి కడ్డీ తయారవుతుంది. కొస వెలిగిస్తే మంట రాదు, లోపల నిప్పు కణకణలాడుతూ పైన బూడిద పేరుకుంటుంది. దాన్ని చర్మానికి ఒక అంగుళం ఎడంగా పట్టుకుని, ఆ చోటు గులాబీ రంగుకి తిరిగేదాకా, పది పదిహేను నిమిషాలు సెగ చూపిస్తారు. పద్ధతిగా నేర్చుకున్నవాళ్లు రెండో చేతి వేళ్లని ఆ చోటుకి అటూ ఇటూ ఆనించి ఉంచుతారు, సెగ ఎంత తగులుతోందో ముందు తమ వేళ్లకే తెలియాలని. షుగరు వల్ల కాళ్లు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గినవాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం, కాలుతున్నా వాళ్లకి తెలియదు కాబట్టి. ఫోన్ చూసుకుంటూ కడ్డీ పట్టుకునే మనిషి దగ్గర కూర్చోకండి, లేచి వచ్చేయండి. ఇంకో పద్ధతిలో నూగుని బియ్యపు గింజంత ఉండ చేసి నేరుగా చర్మం మీదే పెట్టి వెలిగిస్తారు, లేదా మధ్యలో అల్లం బిళ్లో వెల్లుల్లి బిళ్లో పెడతారు. నేరుగా పెట్టినప్పుడు బొబ్బ లేవడం, మచ్చ పడడం మామూలే, పాతకాలంలో ఆ మచ్చ పడితేనే వైద్యం పట్టినట్టు లెక్క.

చైనా వైద్యం లెక్కలో మాక్సా ప్రధానంగా చలికి, చెమ్మకి, నీరసానికి మందు. చేతులూ కాళ్లూ చల్లబడేవాళ్లకి, చల్లటిది తింటే కడుపునొప్పి వచ్చేవాళ్లకి, పాత కీళ్లనొప్పులకి. అందుకే ఎర్రగా వేడిగా ఉన్న జబ్బుకి నిప్పు పెట్టొచ్చా అన్న ప్రశ్న ముందుగా వాళ్లకే వచ్చింది. క్రీ.శ. 200 ప్రాంతంలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు కచ్చితంగా వద్దన్నాడు. నాడి సన్నగా వేగంగా కొట్టుకునే రోగికి మాక్సా పెడితే, నిప్పు చిన్నదే అయినా లోపల చేసే దాడి పెద్దదని, ఎముకల్నీ కండరాల్నీ మాడ్చేస్తుందని, రక్తం మళ్లీ కోలుకోవడం కష్టమని రాశాడు. ఇక్కడ మన సుశ్రుతుడు అగ్నికర్మ గురించి చెప్పింది గుర్తుచేసుకోవాలి: ప్రాణం మీదికొస్తే తప్ప గ్రీష్మంలో, శరత్తులో కాల్చొద్దు, పిత్త ప్రకృతివాళ్లకి వద్దు, పిల్లలకీ ముసలివాళ్లకీ బలహీనులకీ వద్దు. ఒకరి పుస్తకం ఒకరు చూశారో లేదో అనవసరం, ఇద్దరూ ఎండాకాలపు ఒంటి మీద నిప్పు పెట్టడానికి జంకారు. (పచ్చకామెర్లకని పసిబిడ్డల పొట్ట మీద వాతలు పెట్టేవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. సుశ్రుతుడు పెట్టిన షరతుల్లో వాళ్లు పాటించేది ఒక్కటీ లేదు.)

రెండో పక్షం కూడా చిన్నదేం కాదు. 4వ శతాబ్దపు గె హోంగ్, వాచిన గడ్డ మీద వెల్లుల్లి బిళ్ల పెట్టి దానిపైన మాక్సా కాల్చమన్నాడు. టు యూయూకి మలేరియా మొక్కని మరిగించకుండా నీళ్లలో నానబెట్టి పిండాలన్న ఆలోచన దొరికిందీ ఆయన పుస్తకంలోనే, ఆ మనిషిని తేలిగ్గా తీసిపారేయలేం. 14వ శతాబ్దంలో జు డాన్‌షీ ఇంకో అడుగు ముందుకేసి, లోపల బిగుసుకుపోయిన వేడిని నిప్పే బయటికి లాగుతుందని వాదించాడు. వేడి జబ్బుకి మాక్సా పెట్టేవాళ్లు ఇప్పటికీ చెప్పే సమర్థన ఇదే. మంచి లాయరులా వినిపిస్తుంది, కానీ ఏ రోగానికి, ఎక్కడ, ఎంతసేపు అని అడిగితే తప్ప తేలదు.

అడుగుదాం మరి. "వేడి చేసి వచ్చింది" అని మనం ఒకే గాట కట్టేసే వాటిలో కనీసం అయిదారు వేర్వేరు జబ్బులున్నాయి, ఒకదానికి సెగ మందైతే ఇంకోదానికి విషం.

సెగ్గడ్డ తీసుకోండి. వెంట్రుక కుదురులో స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా చేరి చీము పట్టడం వల్ల వచ్చేది. దీనికి ఇంగ్లీషు వైద్యం చెప్పే మొదటి ఇంటి చిట్కా ఏంటో తెలుసా? వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డని రోజుకి మూడు నాలుగు సార్లు, పదేసి నిమిషాలు అద్దడం. సెగ తగిలితే ఆ చోటుకి రక్తం ఎక్కువగా వస్తుంది, గడ్డ త్వరగా మెత్తబడి పక్వానికొస్తుంది. మా పెద్దవాళ్లు తమలపాకుకి ఆముదం రాసి, దీపం సెగకి వెచ్చజేసి గడ్డ మీద వేసేవాళ్లు, గోరువెచ్చగా ఉందో లేదో ముందు తమ చెంపకి ఆనించి చూసుకుని మరీ. గె హోంగ్ చెప్పిన వెల్లుల్లి బిళ్ల వైద్యం పనిచేసే తీరూ బహుశా ఇదే. అంటే సెగ్గడ్డకి సెగ పెట్టొచ్చు. దానికి మాక్సా కడ్డీయే కావాలా అంటే అక్కర్లేదు, తడిగుడ్డ చాలు, కాలే భయం కూడా తక్కువ. ముక్కు మీద, పై పెదవి దగ్గర లేచిన గడ్డని మాత్రం పిండకండి, నిప్పూ పెట్టకండి, డాక్టరుకి చూపించండి. గడ్డలు ఒకటి తగ్గేలోపు ఇంకోటి లేస్తుంటే వేడి అనుకుని మజ్జిగ తాగుతూ కూర్చోకుండా షుగరు పరీక్ష చేయించుకోండి.

చెమటకాయల దగ్గరికొచ్చేసరికి లెక్క పూర్తిగా తిరగబడుతుంది. చెమట బయటికొచ్చే సన్నటి నాళాలు మూసుకుపోయి, చెమట చర్మం లోపలే చిమ్మడం వల్ల వచ్చే ఎర్రటి పొక్కులవి. వాటికి సెగ చూపిస్తే చెమట ఇంకా పుడుతుంది, పొక్కులు ఇంకా పెరుగుతాయి. ఇందులో చైనావాళ్ల యిన్ యాంగ్ (చలి, వేడి) వాదనలకి చోటే లేదు. ఫ్యాను, నూలు బట్టలు, రెండుపూటలా చన్నీళ్ల స్నానం, అంతే. ఒళ్లంతా నూనె పట్టించడం, మెడ కింద పౌడరు ముద్దలు ముద్దలుగా కొట్టడం కూడా ఆ నాళాల్ని మూసేసే పనులే, అది మనింట్లో జరిగే తప్పు, చైనావాళ్ల మీద తోయలేం.

దద్దుర్లు, అంటే ఉన్నట్టుండి బిళ్లలు బిళ్లలుగా లేచి, దురదపెట్టి, గంటల్లో మాయమయ్యేవి, ఇంకో రకం. చర్మంలోని కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదలడం వల్ల రక్తనాళాలు వ్యాకోచించి నీరు ఊరుతుంది. ఎండలో నడిచినా, వేడినీళ్లు పోసుకున్నా, చెమట పట్టినా లేచేవాళ్లుంటారు, వాళ్లకి సెగ పెట్టడమంటే రోగాన్ని పిలిచి కూర్చోబెట్టడమే. అయితే డిసెంబరులో తిరుమల కొండ మీద చన్నీళ్లు పోసుకోగానే దద్దుర్లు లేచేవాళ్లు కూడా ఉన్నారు. చైనా వైద్యం వీళ్లని చలిగాలి రోగుల కింద లెక్కేసి మాక్సా పెడుతుంది, దద్దురు మీద కాదు, మోకాలి కింద జుసాన్లీ అనే చోట. వాళ్ల శాస్త్రం ప్రకారం అది పద్ధతైన వాడకమే. అది పనిచేస్తుందని గట్టిగా నిరూపించిన పరీక్ష మాత్రం లేదు. వెచ్చగా ఉండడం, సిట్రజిన్ లాంటి మాత్ర వేసుకోవడం వల్ల తగ్గేదాన్ని మాక్సా ఖాతాలో వేసుకోవడం తేలిక.

సొరియాసిస్, లైకెన్ ప్లానస్ ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. ఈ జబ్బుల్లో చర్మం ఎక్కడ గీసుకున్నా, కాలినా సరిగ్గా అక్కడే కొత్త మచ్చలు లేవగలవు. డాక్టర్లు దీన్ని కోబ్నర్ లక్షణం అంటారు. మాక్సా కడ్డీ ఒక్కసారి ఎక్కువ దగ్గరికొస్తే చాలు. సెగ రోజూ ఒకే చోట తగిలితే, కాలకపోయినా, చర్మం మీద వలలాంటి గోధుమరంగు చారలు పడతాయి కూడా.

ఇక సర్పి. చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పటి వైరస్ నరాల మొదట్లో దాక్కుని, వయసు మీదపడ్డాకో నీరసపడ్డప్పుడో ఆ నరం వెంబడే నీటి పొక్కులుగా, భగభగమనే మంటతో లేస్తుంది. చైనాలో సర్పికి మాక్సా బాగా వాడతారు. దూదిని సాలెగూడంత పల్చగా సాగదీసి, పొక్కుల మీద పరిచి, ఒక్క క్షణంలో అంటుకుని ఆరిపోయేలా వెలిగించే పద్ధతి కూడా ఉంది. నొప్పి త్వరగా తగ్గిందని చెప్పే చైనా అధ్యయనాలు చాలా ఉన్నాయి, కానీ ఎక్కువ భాగం చిన్నవి, పైగా ఎవరికి నిజమైన చికిత్స అందిందో రోగికి తెలియకుండా ఉంచడం నిప్పు విషయంలో కుదరదు కాబట్టి వాటిని గట్టి సాక్ష్యంగా తీసుకోలేం. మన తమిళనాడు సరిహద్దు పల్లెల్లో దీన్నే అక్కి అంటారు, కుమ్మరి దగ్గరికెళ్లి ఎర్రమన్నుతో అక్కి రాయించుకుంటారు. రాయించుకోండి, నాకు అభ్యంతరం లేదు, అమ్మమ్మల మాట కాదనలేం. అయితే వైరస్‌ని అణిచే అసైక్లోవిర్, వాలసైక్లోవిర్ మాత్రలు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. కుమ్మరి దగ్గరో మాక్సా దగ్గరో ఆ మూడు రోజులూ గడిచిపోతేనే చిక్కు. కంటి పక్కన, ముక్కు కొస మీద లేస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి, చూపుకే ప్రమాదం.

నిప్పు గురించి చివరగా ఒక్క సంగతి, ఇది ఎవరూ చెప్పరు. మాచిపత్రి, దవనం, చామంతి, పొలాల గట్లమీదా ఖాళీ స్థలాల్లోనూ పెరిగే వయ్యారిభామ, ఇవన్నీ ఒకే కుటుంబం మొక్కలు. వయ్యారిభామ పడక మొహం, మెడ, మోచేతి మడతలు నల్లబడి దురదపెట్టే రైతులు మన జిల్లాలో తక్కువేం లేరు. పలమనేరు, కుప్పం వైపు చామంతి తోటల్లో పూలు కోసేవాళ్లలోనూ ఇలాంటి దురద రావచ్చు. అలాంటివాళ్లకి మాచిపత్రి నూగు తగిలినా పడకపోవచ్చు. ఆ పొగ ఉబ్బసం ఉన్నవాళ్లకి ఎలాగూ మంచిది కాదు. మూసిన గదిలో కడ్డీ కాలిస్తే పొగ బాగా కమ్ముకుంటుంది, కిటికీ లేని గదుల్లో చేయించుకోకండి.

ఇప్పుడు పొట్లం. నిజానికి చైనా వైద్యంలో మండే దద్దుర్లకి అసలు చికిత్స ఇదే, మాక్సా పక్క వాయిద్యం. వాళ్లకీ "వేడి చేసింది" అన్న మాట ఉంది, లీచీలు ఎక్కువ తిన్నా, వేపుళ్లు తిన్నా అనేస్తారు. గ్వాంగ్‌డాంగ్‌లో వీధుల్లో చేదు కషాయం కొట్లుంటాయి, ఎండలో తిరిగొచ్చినవాళ్లు ఒక గ్లాసుడు నిలబడి తాగి వెళ్లిపోతారు. కానీ వైద్యుడి దగ్గరికొచ్చేసరికి ఆ వేడిని నాలుగైదు రకాలుగా విడదీస్తారు. ఎర్రగా పొడిగా మండుతుంటే రక్తంలో వేడి. రసి కారుతూ పసుపు చెక్కు కడుతుంటే చెమ్మ కలిసిన వేడి. ఒకచోట మాయమై ఇంకోచోట లేస్తే గాలి కలిసిన వేడి. ఏళ్ల తరబడి ఉండి, మందంగా, పొడిబారి, రాత్రుళ్లు దురదపెడితే రక్తం క్షీణించిన పొడి. మొదటిదానికి రెహ్మానియా వేరు, పియొనీ బెరడు, రెండోదానికి చేదు వేర్లు, మూడోదానికి 1617 నాటి చెన్ షిగోంగ్ శస్త్రవైద్య గ్రంథంలోని షియావో ఫెంగ్ సాన్ లాంటి యోగాలు. రోగి నాలుక చూసి, నాడి పట్టి, వారం వారం పొట్లంలో సరుకు మారుస్తారు. కాబట్టి "అన్ని రకాల స్కిన్ అలర్జీకి" అని ముందే సీలువేసి ఆన్‌లైన్లో అమ్మే ప్యాకెట్ చైనా వైద్యం లెక్కలో కూడా తప్పే.

ఆ పొట్లాల్లో మన చుట్టాలు బోలెడు. మంజిష్ఠ వాళ్లదీ మనదీ ఒకే మొక్క. తుంగగడ్డలు, నేలవేము అంతే. ఎండాకాలం కాళ్లకి గుచ్చుకునే పల్లేరుకాయని మనం మూత్రం సమస్యలకి వాడితే వాళ్లు చర్మం దురదకి వాడతారు. (మన శేషాచలం ఎర్రచందనాన్ని అరగదీసి మనం వేడి పొక్కులకి రాస్తాం. దొంగదారిన చైనా చేరేది మాత్రం ఎక్కువగా బీరువాలు, కుర్చీలు అవుతోంది.)

ఈ కషాయాలు ఉత్తవేనా అంటే అలా అనలేం. 1980ల్లో లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రి చర్మవైద్యులు ఒక సంగతి గమనించారు. ఏ మందుకీ లొంగని ఎగ్జిమాతో తమ దగ్గరికొచ్చే కొందరు పిల్లలు ఉన్నట్టుండి బాగుపడుతున్నారు. ఆరా తీస్తే అందరూ చైనాటౌన్‌లో లువో అనే వైద్యురాలి దగ్గర కషాయం తాగుతున్నవాళ్లే. కొట్టిపారేయకుండా వాళ్లు పది మూలికలతో ఒక స్థిరమైన యోగం చేయించి, పోల్చడానికి అంతే చేదుగా ఉండే ఉత్తుత్తి కషాయం ఇంకోటి తయారుచేయించి, 47 మంది పిల్లల మీద పరీక్షించారు. చేదు భరించలేక కొందరు మానేసినా 37 మంది పూర్తిచేశారు, అసలు కషాయం తాగినప్పుడు చర్మం స్పష్టంగా మెరుగైంది. 1992లో అచ్చయిన ఆ ఫలితాలు అప్పట్లో పెద్ద సంచలనం. ఆ పదిలో పల్లేరు ఉంది, అతిమధురం జాతి వేరూ ఉంది.

కథ అక్కడే ఆగితే బాగుండేది. అదే మందుని 1999లో హాంకాంగ్‌లో పరీక్షిస్తే ఉత్తుత్తి కషాయానికీ దానికీ తేడా కనిపించలేదు. ఎగ్జిమాకి చైనా మూలికల మీద వచ్చిన 28 పరీక్షల్ని, 2,300 మందికి పైగా రోగుల వివరాల్ని 2013లో వైద్య పరీక్షల ఫలితాల్ని జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ ఒకచోట పెట్టి చూసి, మేలు చేస్తాయని చెప్పడానికి నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది. లండన్ పిల్లల్లోనే ఏడాది పాటు వాడినప్పుడు ఒకరిద్దరికి లివర్ ఎంజైములు పెరిగాయి, మానేశాక తగ్గాయి. పనిచేయదని కాదు, కొందరికి పనిచేస్తుందేమో, కానీ ఆ కొందరు ఎవరో ముందుగా చెప్పే దారి లేదు.

లండన్ కథకి ఇంకో ముగింపు కూడా ఉంది, మనకి అసలు పనికొచ్చేది ఇదే. "మూలికల మలాము" రాసుకుంటే రెండు రోజుల్లో ఎగ్జిమా మాయం అంటూ రోగులు సంబరపడుతుంటే, అక్కడి డాక్టర్లు ఆ డబ్బాల్ని తెప్పించి ల్యాబులో పరీక్ష పెట్టారు. 1999లో పరీక్షించిన 11 చైనా క్రీముల్లో 8 వాటిలో డెక్సామెథసోన్ దొరికింది, స్టెరాయిడ్. 2003లో బర్మింగ్‌హామ్‌లో 24 క్రీములు చూస్తే 20 వాటిలో స్టెరాయిడ్లే. చంటిపిల్లల మొహానికి రాసినవీ అందులో ఉన్నాయి. ఇది చైనావాళ్ల జబ్బు మాత్రమే అనుకోకండి. మన మెడికల్ షాపుల్లో తామరకి అడిగితే చేతిలో పెట్టే క్రీముల్లో ఉన్నదీ చాలాసార్లు స్టెరాయిడే, 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పాల్సి వచ్చింది. లేబులు లేని డబ్బాలోని మలాము రెండు రోజుల్లో అద్భుతం చేసి, మానేసిన వారానికే రెట్టింపుగా తిరగబెట్టిందంటే అనుమానించాల్సింది మూలికని కాదు. చర్మం పల్చబడి ఎర్రటి నరాలు కనిపించడం, మొహమంతా మొటిమలు లేవడం, లేనిచోట వెంట్రుకలు రావడం, ఇవి దాని గుర్తులు.

క్రీము కంటే పెద్ద ప్రమాదం కషాయంలో ఉంది. 1990ల మొదట్లో బ్రసెల్స్‌లో బరువు తగ్గించే క్లినిక్ ఒకటి చైనా మూలికలు కలిపిన మాత్రలిచ్చింది. ఫాంగ్ జి అనే వేరు వేయాల్సిన చోట, పేరు దగ్గరగా ఉన్న గ్వాంగ్ ఫాంగ్ జి పడింది. రెండోది అరిస్టొలోకియా కుటుంబం. అందులోని అరిస్టొలోకిక్ ఆమ్లం కిడ్నీల్ని ఎండబెట్టేస్తుంది. వందమందికి పైగా స్త్రీల కిడ్నీలు దెబ్బతిన్నాయి, తర్వాత కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఇప్పుడు ఈ ఆమ్లాన్ని కచ్చితంగా క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది. మన విషయానికి దగ్గరి సంగతి ఏంటంటే, 1999లో బయటపెట్టిన వివరాల ప్రకారం బ్రిటన్‌లో ఇద్దరు మహిళల కిడ్నీలు ఇదే ఆమ్లం వల్ల పూర్తిగా పాడయ్యాయి, వాళ్లిద్దరూ కషాయం తాగింది ఎగ్జిమా తగ్గడానికే. వాళ్ల పొట్లాల్లో ము టోంగ్ పేరుతో పడినది అరిస్టొలోకియా తీగ. ఆ రకం ము టోంగ్‌ని చైనా 2003లో గానీ నిషేధించలేదు.

ఇది ఎక్కడో జరిగిన కథ అనుకునేలోపు మన అడవివైపు ఒకసారి చూడండి. పాముకాటుకని, చర్మరోగాలకని నాటువైద్యంలో వాడే ఈశ్వరి వేరు, గాడిదగడపాకు రెండూ అరిస్టొలోకియాలే, రెండింటిలోనూ ఆ ఆమ్లం ఉంది. మన వాడకం పాతది కాబట్టి మంచిదని అనుకోవడానికి లేదు. కిడ్నీ పదేళ్ల తర్వాత పాడైతే అది ఫలానా కషాయం వల్ల అని పాతకాలంలో ఎవరు కనిపెట్టగలరు?

మన దేశంలో చిక్కు ఏంటంటే ఈ పొట్లానికి అడిగే నాథుడు లేడు. ఆక్యుపంక్చర్‌ని కేంద్రం 2019లో చికిత్సా విధానంగా గుర్తించింది. ఆయుష్ కింద ఆయుర్వేదం, యోగా, ప్రకృతి వైద్యం, యునాని, సిద్ధ, సోవా-రిగ్పా, హోమియో ఉన్నాయి, చైనా మూలికా వైద్యం లేదు. సూది గుచ్చడం నేర్చుకున్న మనిషికి ఆ మూలికల చదువు ఉంటుందని లేదు. ప్యాకెట్ మీద చైనీస్ అక్షరాలే ఉంటే అమ్మేవాడికీ అందులో ఏముందో తెలియదు. మూలికలే కావాలనుకునేవాళ్లకి మన ఊళ్లోనే దేవస్థానం వాళ్ల ఎస్వీ ఆయుర్వేద ఆస్పత్రి ఉంది. కనీసం వేసిన మందు పేరు చదవగలం, అడగగలం. ఆయుర్వేద మందుకీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది, పాదరసం, సీసం గొడవలు అక్కడా ఉన్నాయి.

మందుల మీద మందులు పడడం ఇంకో సమస్య. అతిమధురం రోజూ ఎక్కువగా తాగితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. బీపీ మాత్రలు వేసుకునే పెద్దాయన "గొంతుకి మంచిదేలే" అని నెలల తరబడి తాగితే తేడా కొడుతుంది. గుండె ఆపరేషన్ అయి, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వాడేవాళ్లకి డాన్ షెన్, డాంగ్ గుయ్ వేర్లు రక్తాన్ని మరీ పల్చబరుస్తాయి. గర్భిణులు ఈ పొట్లాల జోలికే పోవద్దు.

కొన్ని దద్దుర్లకి చర్చలు లేవు, నేరుగా రుయాకో స్విమ్స్‌కో దగ్గర్లోని ఆస్పత్రికో పోవడమే. జ్వరంతో పాటు లేచినవి, ఎందుకంటే వానాకాలం తర్వాత మన దగ్గర అది డెంగీ కావచ్చు. గాజుగ్లాసుతో నొక్కినా రంగు పోని ఎర్రటి చుక్కలు. కొత్త మాత్ర మొదలుపెట్టిన కొన్ని వారాల్లోపు నోట్లో, కళ్లలో పుళ్లు, చర్మం ఊడడం. పెదాలూ నాలుకా వాచి ఊపిరాడకపోవడం. ఎరుపు గంటగంటకీ పాకుతూ, ముట్టుకుంటే వేడిగా, నొప్పిగా ఉన్న కాలు.

ఇవేవీ కాకుండా పాత మొండి ఎగ్జిమాతో విసిగిపోయి, చర్మం డాక్టరు మందులతో కుదరక, చైనా కషాయం ఒకసారి చూద్దామనుకుంటున్నారా? సరే. ప్రతి మూలిక పేరూ లాటిన్‌లోనో తెలుగులోనో రాసిమ్మని అడగండి. ఇవ్వనంటే వద్దు. మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నాలుగు వారాల తర్వాత మరోసారి క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), ఎస్‌జీపీటీ (లివర్ పరీక్ష) చేయించండి. మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, కాళ్లు వాచినా ఆ పూటే ఆపేసి, మిగిలిన పొట్లాన్ని పారేయకుండా డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి, అందులో ఏం పడిందో చూడాలంటే అదే ఆధారం. ఆ రెండు పరీక్షల ఊసే ఎత్తకుండా నెలల తరబడి కషాయం కట్టిచ్చేవాళ్ల దగ్గరికి రెండోసారి వెళ్లక్కర్లేదు.